మోటారు కాళ్ళకు, తేలిక చేతులకు

మా నాన్నకు 68 ఏళ్ళు. పలాస దగ్గర ప్రభుత్వ పాఠశాలలో పనిచేసినన్నాళ్ళూ సైకిలు మీదే బడికి వెళ్ళేవారు. రెండేళ్ళ క్రితం అమ్మతో కలిసి కోల్‌కతా న్యూ టౌన్‌లోని మా ఫ్లాటుకు వచ్చేశారు. వస్తూ వస్తూ సైకిలు కూడా తెచ్చుకున్నారు. మొన్న వేసవిలో ఒకరోజు ఇకో పార్కు దాకా వెళ్ళి, తిరుగు దారిలో ఎదురుగాలికి తొక్కలేక, సైకిలు నడిపించుకుంటూ ఇల్లు చేరారు. అప్పటి నుంచి అది పార్కింగులో గోడకు ఆనుకుని దుమ్ము పట్టి ఉంది.

ఈమధ్య ఆయన ఫోనులో ఒక సైకిలు బొమ్మ చూపించారు. కార్బన్ ఫ్రేము, వంపు తిరిగిన హ్యాండిలు, కంటికి కనపడని మోటారు, మొత్తం బరువు 12 కిలోలు. ధర లక్షల్లో ఉంది. "నా వయసుకి ఇది దండగేమోనమ్మా. నీ ఫిజిక్సు ఏమంటుంది?" అన్నారు.

తేలికపాటి విద్యుత్ రోడ్ బైకు పెద్దవాళ్ళకు పనికొస్తుందా అన్నది నిజానికి మూడు ప్రశ్నలు. మోటారు అవసరమా? తేలిక అవసరమా? రోడ్ బైకు రూపం అవసరమా? మొదటిదానికి నా జవాబు అవును. రెండోదానికి అవును, కానీ అమ్మేవాళ్ళు చెప్పే కారణానికి కాదు. మూడోదానికి, చాలామంది విషయంలో, కాదు.

బరువు లెక్క

ముందు బరువు సంగతి చూద్దాం. మామూలు విద్యుత్ సైకిలు 20 కిలోలు దాటుతుంది. 65 కిలోల మనిషి 22 కిలోల సైకిలు మీద చదును రోడ్డుపై గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్ళాలంటే సుమారు 40 వాట్ల శక్తి చాలు. అందులో సగం టైర్ల రాపిడికి, సగం గాలికి పోతుంది. సైకిలు బరువు 10 కిలోలు తగ్గిస్తే మిగిలేది రెండున్నర వాట్లు. కాళ్ళకు ఆ తేడా తెలియదు.

ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుందిగా అనవచ్చు. నిజమే. 4 శాతం వాలున్న ఫ్లైఓవర్ మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళితే ఆ 10 కిలోలు అదనంగా 11 వాట్లు అడుగుతాయి. మోటారు లేకపోతే అది భారమే. మోటారే 100 వాట్లు ఇస్తుంటే లెక్కలోకి రాదు. ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే, తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కవలసిన ఎత్తు సుమారు 700 మీటర్లు. 10 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి 19 వాట్-గంటలే. మోటారులో వృథా అయ్యేది కలిపినా, 250 వాట్-గంటల చిన్న బ్యాటరీలో పదో వంతు. కొండకే ఇంత తక్కువైతే, సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో పలకలా పరుచుకున్న న్యూ టౌన్‌లో బరువు గురించి కాళ్ళు బెంగపడనక్కర్లేదు.

ఇక్కడి కొండ గాలి

అయితే నాన్నను దింపేసిందేమిటి? గాలి. వేసవిలో బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే దక్షిణపు గాలి కోసమే కోల్‌కతాలో దక్షిణం తెరిచి ఉన్న ఇల్లు వెతుక్కుంటారు. ఇంట్లో హాయిగా ఉండే ఆ గాలే సైకిలు మీద గోడలా నిలబడుతుంది. గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో అదే వేగం నిలుపుకోవాలంటే 40 వాట్లు కాస్తా 105 అవుతాయి. పాతికేళ్ళ కుర్రాడికి ఇది పెద్ద విషయం కాదు. శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యం ముప్పై దాటాక పదేళ్ళకు సుమారు 10 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. వ్యాయామం మానేసిన వారిలో ఇంకా ఎక్కువ తగ్గుతుంది. 68 ఏళ్ళ మనిషికి ఈ 105 వాట్లు వాహ్యాళి కాదు, పరుగు పందెం.

దీనికి వేడి తోడవుతుంది. మన కండరాలు వాడే శక్తిలో పెడలు దాకా చేరేది మహా అయితే నాలుగో వంతు. మిగతాదంతా వేడి. పెడలు మీద 105 వాట్లు పెడితే ఒంట్లో 300 వాట్లకు పైగా వేడి పుడుతుంది. పొడి వాతావరణంలో చెమట ఆరి దాన్ని తీసుకుపోతుంది. కోల్‌కతా ఉక్కపోతలో చెమట కారుతుందే తప్ప ఆరదు. పైగా వయసుతో పాటు చెమట పట్టడం తగ్గుతుంది, దాహం కూడా సరిగా తెలియదు. మోటారు 60 వాట్లు భరిస్తే మనిషి వంతు 45కి దిగుతుంది. ఒంట్లో పుట్టే వేడి సుమారు 135 వాట్లకు పడిపోతుంది. మన ప్రాంతాల్లో పెద్దవాళ్ళకు మోటారు చేసే అసలు మేలు ఇదేనని నా అభిప్రాయం. కొండలూ చలీ ఉన్న దేశాల్లో రాసిన సమీక్షల్లో ఇది కనిపించదు.

మోటారు ఉంటే వ్యాయామం అవుతుందా?

'మోటారు లాగుతుంటే ఇక తొక్కడమెందుకు' అనేవాళ్ళు ఉంటారు. పరిశోధనలు వేరే మాట చెబుతున్నాయి. యూరప్‌లోని 7 నగరాల్లో 10 వేల మందికి పైగా పాల్గొన్న సర్వే ఫలితాలు 2019లో వచ్చాయి. వారం మొత్తంలో చేసే శారీరక శ్రమలో విద్యుత్ సైకిలు వాడేవాళ్ళు మామూలు సైకిలు వాళ్ళకు ఏమీ తీసిపోలేదు. కారణం, వాళ్ళు ఎక్కువ దూరాలు వెళుతున్నారు. అదే ఏడాది బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 50 దాటిన వారి చేత 8 వారాల పాటు సైకిలు తొక్కించి చూశారు. ఆలోచనా సామర్థ్యంలో మెరుగుదల మామూలు సైకిలు వాళ్ళతో పాటు విద్యుత్ సైకిలు వాళ్ళలోనూ కనిపించింది. గోడకు ఆనించిన సైకిలు ఎంత మంచిదైనా ఇచ్చే వ్యాయామం సున్నా. పోల్చవలసింది దానితోనే.

తేలిక ఎందుకంటే

కాళ్ళకు అక్కర్లేని తేలిక చేతులకు కావాలి. పెద్దవాళ్ళు సైకిలు మీంచి పడేది వేగంలోనే కాదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, సిగ్నలు దగ్గర ఒంటికాలి మీద ఆగేటప్పుడు కూడా పడతారు. పక్కకు ఒరిగిన 22 కిలోల సైకిలును నిలబెట్టడం తగ్గిపోతున్న చేతి పట్టుకు పరీక్షే. అపార్టుమెంటు మెట్లు ఎక్కించాలి, లిఫ్టులో తిప్పాలి, స్టాండు వేయాలి. బ్యాటరీ అయిపోతే ఉత్త కాళ్ళతో ఇంటికి చేర్చాలి. అందుకని 15 నుంచి 17 కిలోల సైకిలుకు కొంత ఎక్కువ పెట్టడం సబబే. అక్కడి నుంచి 12కి దిగడానికి లక్షలు పోయడం మాత్రం నాకు సబబుగా తోచదు.

ఇక రోడ్ బైకు రూపం. వంగి కూర్చుంటే గాలి తక్కువ తగులుతుంది. 15 కిలోమీటర్ల వేగంలో దానివల్ల మిగిలేది సుమారు 6 వాట్లు. దానికి బదులుగా మెడ పైకెత్తి ఉంచాలి, అరచేతుల మీద బరువు మోయాలి. సన్నని టైర్లు వానాకాలంలో పాచి పట్టిన పేవర్ బ్లాకుల మీద జారతాయి. ఇంకొక మెలిక ఉంది. మన దేశంలో లైసెన్సు, రిజిస్ట్రేషను లేకుండా నడపాలంటే మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. రోడ్ బైకు రూపం బాగా ఉపయోగపడేది 25 దాటాక. సరిగ్గా అక్కడే మోటారు ఆగిపోతుంది.

అయినా ఇది సరిపోయేవాళ్ళు కొందరున్నారు. ఏళ్ళ తరబడి రోడ్ బైకు తొక్కి, ఆ భంగిమకు ఒళ్ళు అలవాటై, ఇప్పుడు ఎదురుగాలిలోనూ ఫ్లైఓవర్ల మీదా కుర్రవాళ్ళ బృందం వెనక పడిపోతున్నవాళ్ళు. ఆదివారం పూట తోటివాళ్ళతో కలిసి వెళ్ళగలగడం విలువైనదే. స్తోమత ఉంటే కొనుక్కోవచ్చు.

కొనేముందు

ధర కంటే ముందు అడగాల్సింది సెన్సరు గురించి. చవక సైకిళ్ళలో పెడలు తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సరు ఉంటుంది. పాదం కదలగానే మోటారు ఒక్క ఉదుటున లాగుతుంది. టార్క్ సెన్సరు మీరు ఎంత బలంగా తొక్కుతున్నారో కొలిచి, ఆ మేరకే తోడుపడుతుంది. పెద్దవాళ్ళు ఖర్చు పెట్టవలసింది ముందు దీనిమీదే. బ్రేకు నొక్కగానే మోటారు ఆగాలి. కిందికి వంగిన ఫ్రేము అయితే కాలు ఎత్తి దాటించే పని ఉండదు. గుండె జబ్బు, కళ్ళు తిరగడం ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడిగాకే ఎక్కాలి. హెల్మెట్ అందరికీ తప్పనిసరి. 15 నుంచి 25కి వేగం పెరిగితే గతిశక్తి దాదాపు మూడింతలవుతుందని మరవద్దు.

సైకిలు ఎంత మంచిదైనా దారి లేకపోతే దండగే. 2020లో కేంద్రం మొదలుపెట్టిన 'ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్' పోటీలో గెలిచిన 11 నగరాల్లో న్యూ టౌన్ కోల్‌కతా ఒకటి, మన వరంగల్ మరొకటి. న్యూ టౌన్‌లో సైకిళ్ళకు విడి దారులున్నాయి. అందుకే ఇక్కడ ఈ చర్చకు అర్థం ఉంది. ఊరు దాటి పాత కోల్‌కతా వైపు వెళితే ఎన్నో పెద్ద రోడ్ల మీద సైకిలుకు అనుమతే లేదు. మోటారుకు పెట్టే డబ్బు మనది. దారి బాధ్యత నగరానిది. రెండోది అడగకుండా మొదటిది కొనడం సగం పనే.

పోయిన ఆదివారం నాన్నను దుకాణానికి తీసుకెళ్ళాను. నిటారు హ్యాండిలు, వెడల్పు టైర్లు, టార్క్ సెన్సరు ఉన్న 16 కిలోల సైకిలు చూపించారు. తొక్కి చూడమంటే ఆయన ముందు దాన్ని రెండు చేతులతో ఎత్తి, గడప దాటించి, మళ్ళీ లోపల పెట్టారు. ఆ తర్వాతే సీటు మీద కూర్చున్నారు.