చేప చెవిలో పంచాంగం

చేపకు చెవులున్నాయంటే నమ్మనివారు మనలో చాలామందే ఉంటారు. పైకి కనిపించవు గనుక వారిని తప్పు పట్టనక్కరలేదు. అయితే గొరక చేప వండుకునే ఇంట్లో అడిగి చూడండి. తలకాయ నమిలేటప్పుడు పంటి కింద తెల్లని రాయి తగులుతుందని చెబుతారు. (శాకాహారులు మన్నించాలి!) ఆ రాయి చేప లోచెవిలోది. ఇటువంటివి మూడు జతలుంటాయి. చేప నీటిలో ఒరిగిపోకుండా నిలవడానికీ, చప్పుళ్ళు వినడానికీ ఇవే ఆధారం.

చెవి ఎముక అని వాడుకేగాని ఇది ఎముక కాదు. ముత్యానికి ఏది ముడిసరుకో దీనికీ అదే. పొలుసులు ఊడి మళ్ళీ మొలుస్తాయి. చెవిరాయి అలా కాదు. దానిమీద ఒకసారి పేరుకున్న పొర మళ్ళీ కరగదు. చల్లని సముద్రాల్లో చేప బాగా పెరిగే రోజుల్లో వెడల్పు పొర, చలికాలంలో సన్న పొర పడతాయి. రెండూ కలిస్తే ఒక ఏడు. 1899లో రైబిష్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్లేస్ అనే చదునైన చేప వయస్సును ఈ విధంగానే లెక్కపెట్టాడు. ఏ యేటి పొర ఎంత వెడల్పో కొలిస్తే, ఆ యేడు చేప ఎంత పెరిగిందో కూడా అంచనా కట్టవచ్చు. 1971లో పనెల్లా అనే ఆయన మరింత సూక్ష్మంగా చూసి, రోజుకొక పొర కూడా ఉంటుందని చెప్పాడు. బంగాళాఖాతం వంటి వెచ్చని నీళ్ళలో చలికాలపు గీత స్పష్టంగా పడదు గనుక అక్కడ ఈ రోజువారీ లెక్క బాగా అక్కరకు వస్తుంది.

వయస్సు తెలిసి ఏం లాభం అంటారా? న్యూజిలాండు సంగతి వినండి.

అక్కడ సముద్రంలో సుమారు కిలోమీటరు లోతున ఆరెంజ్ రఫీ అనే చేప ఉంది. దాని కుటుంబానికి ఇంగ్లీషులో ‘బంకతల’ అనే అర్థం వచ్చే పేరుంది. ఆ పేరుతో అమ్మితే కొనే ఇల్లాలెవరు? పేరు మార్చాక గిరాకీ పెరిగింది. 1970ల చివరినుంచి పెద్ద పెద్ద ఓడలు వలలు దించాయి. గుడ్లు పెట్టడానికి ఈ చేపలు సముద్రగర్భంలోని కొండలమీద గుంపులు కడతాయి. ఇక పట్టేవారికి పండుగే కదా!

వయస్సు లెక్క మాత్రం తప్పింది. ముసలి చేపలో రాయి పైపైన విశాలం కాదు, లోపలి వైపు మందమెక్కుతుంది. పైనుంచి చూసి గీతలు లెక్కిస్తే చివరి పొరలు కనిపించనే కనిపించవు. రాయిని పల్చగా కోసి, సానబట్టి చూడాలి. అలా చూసిన లెక్కను మొదట అందరూ ఒప్పుకోలేదు. 1991లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు మరో దారి పట్టారు. సముద్రపు నీటినుంచి రాయిలో చేరిన రేడియం కాలక్రమాన సీసంగా మారుతూ ఉంటుంది. ఆ రెంటి పాలు చూసి లెక్కగడితే, మూరెడైనా లేని చేపకు 149 ఏళ్ళ వరకు వయస్సు తేలింది! గుడ్లు పెట్టే ఈడు రావడానికే దానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పడుతుందట.

అంటే కోడిపిల్లలనుకుని తాతముత్తాతలను తెగనమ్మారన్నమాట. పట్టినంత వేగంగా ఆ చేప మళ్ళీ పుట్టుకురాలేదు. న్యూజిలాండుకు పడమట ఉన్న ఛాలెంజర్ పీఠభూమి దగ్గర 2000లో వేట ఆపివేయవలసి వచ్చింది. 2006లో ఆస్ట్రేలియా ప్రభుత్వం దీనిని రక్షించవలసిన జాతుల జాబితాలో చేర్చింది.

ఛాలెంజర్ వద్ద 2010లో వేటకు మళ్ళీ అనుమతి ఇచ్చారు. ఆ యేడు అక్కడ పుట్టిన పిల్లలు ఇంకా గుడ్లు పెట్టే ఈడుకు రాలేదు.