వెంట వచ్చిన ప్రాణి



రాత్రి ప్రార్థన కూటము ముగించుకొని ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు వీధి కుక్క ఒకటి వెంటబడడము మనలో చాలామందికి అనుభవమే. కొందరము రాయి తీసినట్లు వంగి దానిని అదిలిస్తాము. కొందరము చేతిలో ఉన్న రొట్టెముక్క విసరి ముందుకు సాగిపోతాము. అంతటితో మన పని అయిపోయిందనుకొంటాము. ముక్క విసరడముతో తన పని అయిపోలేదని గ్రహించిన ఒక మనిషి సంగతి ఈ నెల మీతో చెప్పాలని ఆశపడుచున్నాము.

2014 నవంబరులో దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశములో సాహస పందెముల ప్రపంచ పోటీ జరిగింది. నలుగురేసి ఒక జట్టుగా కొండలు, అడవులు దాటుచు, కొంత దూరము నడిచి, కొంత సైకిలు తొక్కి, కొంత పడవ నడిపి సుమారు 700 కిలోమీటర్లు పూర్తి చేయాలి. స్వీడన్ దేశపు జట్టుకు నాయకుడు మికాయేల్ లిండ్‌నోర్డ్. ఒక మజిలీలో భోజనము చేయుచుండగా, బురదకొట్టుకొని, వీపు మీద పుండుతో నిలబడిన ఒక వీధి కుక్క అతని కంటబడింది. డబ్బాలోని మాంసపు ఉండ ఒకటి దానికి పెట్టాడు. తరువాత జట్టు బయలుదేరింది. కుక్క కూడ బయలుదేరింది. అడవిలో, బురదలో, నలుగురు అలసిపోయిన చోట అదీ అలసిపోయింది గాని వారిని విడువలేదు.

చివరి దశలలో పడవ ప్రయాణము వచ్చింది. కుక్కను ఎక్కించుకోవడము అపాయకరమని నిర్వాహకులు హెచ్చరించారు. పడవలు కదిలాయి. కుక్క నీళ్ళలోనికి దూకి ఈదుచు వెంట వచ్చింది. మికాయేల్ అది చూచి ఓర్చుకొనలేక దానిని పైకి లాగి పడవలో కూర్చుండబెట్టుకొన్నాడు. ఒడ్డున నిలిచినవారు చప్పట్లు కొట్టారు.

చప్పట్లు కొట్టేవారి పని అక్కడితో ముగిసింది. అతని పని అక్కడే మొదలైంది. పశువైద్యునికి చూపించాలి. స్వదేశములోని వ్యవసాయ శాఖ అనుమతి కోరాలి. విమానములో తీసికొనిపోవాలి. స్వీడన్ చేరిన తరువాత కూడ కుక్క నేరుగా ఇంటికి వెళ్ళలేదు. కొన్ని నెలలు క్వారంటైనులో ఉండి, 2015లో మాత్రమే ఆ కుటుంబములో చేరింది. దానికి ఆర్థర్ అని పేరు పెట్టారు. 2020లో చనిపోయేవరకు అది ఆ ఇంటనే ఉంది. ఈ కథ మీద 2024లో ఒక సినిమా కూడ వచ్చింది.

ప్రేమించిన కుక్కను అన్ని నెలలు వేరుగా ఉంచడము కఠినము కాదా అని మీరడుగవచ్చును. కారణము రేబిస్ వ్యాధి. కరిచిన తరువాత అది బయటపడడానికి సాధారణముగా రెండు మూడు నెలలు పట్టవచ్చును, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. లక్షణములు కనబడిన తరువాత ప్రాణము దక్కడము దాదాపు అసాధ్యము. కాబట్టి ఆరోగ్యముగా కనబడే కుక్కనైనను కనిపెట్టి చూడవలసిందే. నేటికిని మన దేశము నుండి ఒక కుక్కను ఐరోపా సమాఖ్య దేశములకు తీసికొనిపోవాలంటే దాని చర్మము క్రింద గుర్తింపు చిప్పు పెట్టించాలి, రేబిస్ టీకా వేయించాలి, కనీసము 30 రోజుల తరువాత రక్తపరీక్ష చేయించాలి, ఆ పైన మూడు నెలలు ఆగాలి. ఒకని జాలి పొరుగువాని బిడ్డకు ప్రాణాపాయము కాకూడదు గదా! జాలి ఒక్క నిమిషములో పుట్టవచ్చును, దత్తతకు మాత్రము ఓర్పు కావాలి.

ఆకలితో ఉన్న మనుష్యులు ఇందరుండగా కుక్క కొరకు ఇంత ఖర్చా అని కొందరికి తోచవచ్చును. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసికొనము. అయితే ప్రభువు చెప్పిన లాజరు ఉపమానము జ్ఞాపకము చేసికొనండి. ధనవంతుని వాకిట పడియున్న ఆ దరిద్రుని కురుపులను కుక్కలు నాకినవి. ధనవంతుడు కుక్కలను పోషించుటలో మునిగి లాజరును మరచిపోలేదు. అతని కన్ను వాకిటి తట్టు తిరుగనే లేదు. కుక్క పుండును చూడగలిగిన కన్ను మనుష్యుని పుండును కూడ చూడగలదు. చూచుట మానుకొన్న కన్నే రెంటినీ దాటిపోతుంది. నీతిమంతుడు తన పశువు ప్రాణమును లెక్కచేయునని సామెతల గ్రంథము నేర్పుచున్నది.

ఇంకొక మాట. మనమును ఒకప్పుడు దూరస్థులము, పరదేశులము. దేవుడు మనకు ఒక ముక్క విసరి సాగిపోలేదు. దత్తపుత్రులుగా ఇంటిలోనికి చేర్చుకొన్నాడు, వెల చెల్లించాడు, మన విషయమై నేటికిని దీర్ఘశాంతము చూపుచున్నాడు. ఆ ప్రేమ పొందినవారము మన వాకిటికి వచ్చినవారితో ఎట్లు నడచుకొనుచున్నాము? తల్లిదండ్రులు లేని బంధువుల బిడ్డ, కోడలు వెళ్ళగొట్టిన ముసలమ్మ, క్రొత్తగా సంఘములోనికి వచ్చి వెనుక వరుసలో ఒంటరిగా కూర్చున్న సహోదరుడు. వీరికి పండుగనాడు ఒక పళ్ళెము అన్నము పెట్టడము సులభము. ఏడాది పొడుగునా మనవారిగా చూచుకొనుటే కష్టము.

తల్లులారా, తండ్రులారా, మీ పిల్లలు వీధి కుక్కపిల్లను ఎత్తుకొని వస్తే వెంటనే కసరకండి. పశువుల ఆసుపత్రికి తీసికొనిపోయి తగిన వయస్సులో టీకా వేయించండి. ఎవరినైనను కుక్క కరిస్తే గాయమునకు కారము, సున్నము పూయక, వెంటనే సబ్బుతో ధారగా పారే నీటిలో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్ళి సూదిమందు వేయించండి. పెంచుకొన్న ప్రాణికి రోజూ నీళ్ళు పెట్టే బాధ్యత ఆ పిల్లలకే అప్పగించండి. తెచ్చినదానిని విడిచిపెట్టకూడదని వారు చిన్ననాటనే నేర్చుకొందురు.

వెంట వచ్చినవారిని వెనుకకు త్రోసివేయని మనస్సు ప్రభువు మన కుటుంబములకు అనుగ్రహించును గాక. ఆమేన్.