మనోవ్యాధికి మందు లేదా?

మనోవ్యాధికి మందు లేదని మనవారిలో ఒక సామెత గలదు. జ్వరము వచ్చిన బిడ్డను ఆసుపత్రికి గొనిపోవుటకు క్షణమైన జాగుచేయని కుటుంబములే, నెలల తరబడి నిద్రలేక, ఎవరితోను మాటాడక మూల గూర్చున్న బిడ్డను చూచి, "వయసు, అదియే పోవును" అని యూరకుండుటకు ఈ సామెతయే యాధారమగుచున్నది. సామెత యెంత పాతదైనను సత్యమునకు మించినది కాదు. 2015-16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేలో వయోజనులలో నూటికి 10 మందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో బాధపడుచున్నట్లు తేలినది. అట్టివారిలో, వ్యాధిభేదమునుబట్టి, నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స యందనివారే. మందు లేక కాదు. మందున్న చోటికి పోలేకయు, పోవుటకు సిగ్గుపడియు.

ఆ సిగ్గును కల్పించినది మన సంఘమే. హైదరాబాదులో ఎఱ్ఱగడ్డ పేరును, విశాఖపట్టణమున చినవాల్తేరు పేరును ఎదుటివారిని పరిహసించుటకు వాడుట మన కలవాటైనది. అచ్చట నున్నవి వైద్యశాలలని మరచితిమి. పరిహాసమునకు వెఱచినవాడు వైద్యుని గుమ్మము ద్రొక్కడు. అట్టివానికి ఇల్లు కదలకయే, టెలిఫోనుమీదనో, వీడియోలో ముఖాముఖిగానో, శిక్షణగల కౌన్సిలరుతో మాటాడు మార్గము నేడు లభించినది. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము "టెలి మానస్" అను సేవను ప్రారంభించినది. బెంగుళూరులోని నిమ్హాన్సు సంస్థ దీనికి మూలకేంద్రము. 14416 అను సంఖ్యకు పగలనక రాత్రియనక, రుసుము లేకుండ, తెలుగులోనే మాటాడవచ్చును. మొదట కౌన్సిలరు వినును; అవసరమైనచో మానసిక వైద్యునికి అప్పగించును.

తెలుగులోనే యనుట చిన్న సంగతి కాదు. "మనసు కుదురుగా లేదు", "గుండె బరువెక్కినది", "బ్రతుకు మీద విసుగు పుట్టినది" అను మాటలను పరభాషలో చెప్పబోయినవాడు సగము బాధను గొంతులోనే మ్రింగుకొనును. గల్ఫు దేశములలోని మన కూలీకిని, అమెరికాలో చదువుకొను మన విద్యార్థికిని, దూరమునుండి మాతృభాషలో మాటాడగల కౌన్సిలరు దొరకుట ఇంటర్నెట్టు వలన గలిగిన నిజమైన మేలు.

కౌన్సిలరు చేయు పని హితబోధ కాదు. జాతకము చెప్పుట కాదు. సామాన్యముగా వారమునకొకమారు, నియమితమైన వేళకు, ముప్పావుగంటయో గంటయో వినును, ప్రశ్నించును, బాధ వెనుకనున్న తలపులను బాధితునిచేతనే వెలికి దీయించును, మరుసటి వారములోగా చేయదగిన చిన్న పని యొకటి యప్పగించును. ఒక్కనాటితో తీరునది కాదు; కొన్ని వారములు ఓపిక పట్టవలెను. మంచి కౌన్సిలరు మొదటి దినముననే, మీరున్న తావేది, ఆపదలో పిలువదగిన దగ్గరివారెవరు అని యడిగి వ్రాసికొనును. చావు తలపులు తీవ్రమైనపుడును, భ్రాంతులు గలిగినపుడును ఫోను మాటలతో కాలము గడుపక ఆసుపత్రికి బోవలసినదే.

ఐనను ఈ మార్గమున ముండ్లు లేకపోలేదు. క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలి రిజిస్టరులో నమోదు కావలెను; కాని కౌన్సిలరని బల్ల కట్టుకొన్న ప్రతివారికిని అట్టి నమోదు లేదు. కావున రుసుము చెల్లించుటకు ముందే వారి చదువును, శిక్షణను అడుగుటకు మొగమాటపడరాదు. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. మనసులోని గుట్టు వర్తకుల చేతిలో బడుట అంతకన్న చేటు. ఇంటర్నెట్టు ద్వారా కౌన్సిలింగు నడుపు బెటర్‌హెల్ప్ అను అమెరికా కంపెనీ, రహస్యముగా నుంచెదమని మాట యిచ్చియు, తన్నాశ్రయించినవారి సమాచారమును ప్రకటనల నిమిత్తము ఫేస్‌బుక్కు మున్నగు కంపెనీలకు అందజేసినదని ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషను 2023లో అభియోగము దెచ్చినది. కంపెనీ తప్పొప్పుకొనకయే 78 లక్షల డాలర్లు చెల్లించుటకు సమ్మతించినది. మన 2017 మానసికారోగ్య సంరక్షణ చట్టము రోగి రహస్యమును హక్కుగా జెప్పినది. ఆ హక్కు చట్టపు పుటలలో నుండిన జాలదు. దానిని భంగపరచిన వర్తకుడు స్వదేశీయుడైనను విదేశీయుడైనను శిక్ష తప్పదని ప్రభుత్వము చేసి చూపవలెను.

2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన పిమ్మట పలువురు విద్యార్థులు ప్రాణములు దీసికొనిరి. నాడు 14416 లేదు, నేడు గలదు. కాని ఆ సంఖ్య ఎన్ని కళాశాలల గోడలమీద కనబడుచున్నది? ఎందరు తల్లిదండ్రులు దాని నెఱుగుదురు? ప్రతి కళాశాలలోను, ప్రతి వసతిగృహములోను దానిని పెద్దయక్షరములతో వ్రాయించవలెనని మేము అధికారులను కోరుచున్నాము. ఫలితముల దినమున మార్కుల జాబితాతో పాటు ఆ సంఖ్యను గూడ అచ్చువేయుటకు వ్యయమేమున్నది?

మరియొక సంగతి. రెండు గదుల యింటిలో పదిమంది నడుమ నున్న యువకుడు ఫోనున్నను తన గోడు ఎచ్చట చెప్పుకొనును? మన పట్టణములలోని గ్రంథాలయములు, పఠనమందిరములు వారమునకు కొన్ని గంటలైనను తలుపు వేసికొనదగిన గది నొకదానిని ఇట్టివారికి విడిచి యిచ్చుట మంచిది. పేరడుగరాదు, కారణ మడుగరాదు. ఇంటివారు చేయవలసినదియు ఇంతే: బిడ్డ తలుపు వేసికొని మాటాడుచున్నపుడు చెవి యొగ్గకుండుట, బయటికి వచ్చిన పిమ్మట విచారణ చేయకుండుట. మనోవ్యాధికి మందు గలదు. దానిని పుచ్చుకొనువానిని చూచి నవ్వకుండుట మన వంతు.