సిరొంచ క్యాంపు నుంచి ఇంటికొచ్చినవాళ్లు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా నుంచి కొన్నాళ్లుగా ఒకే రకం వార్తలు వస్తున్నాయి. ఇంతమంది మావోయిస్టులు లొంగిపోయారు, ఇన్ని తుపాకులు అప్పగించారు, ఇక అంతా ముగిసినట్టే. 2025 అక్టోబరులో పెద్దపల్లి నుంచి వెళ్లిన మల్లోజుల వేణుగోపాల్ అరవై మందితో కలిసి ముఖ్యమంత్రి ఫడ్నవీస్ ఎదుట ఆయుధాలు దించినప్పటి నుంచి ఆ ధోరణి మరీ ఎక్కువైంది. లొంగిపోయినవాళ్లకు పునరావాసం ఇవ్వాలి, డబ్బు ఇవ్వాలి, బతుకు చూపించాలి. అందులో నాకు రెండో మాట లేదు. ఈ వారం కూడా పేపర్లలో అదే చదువుతుంటే ఒక్క విషయానికి మాత్రం కోపం ఆగలేదు. ఇదే అడవిలో యూనిఫాం వేసుకుని తిరిగినవాడి సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

ఈ కథ మొదలైందే ఆ జిల్లాలోని సిరొంచ దగ్గర. 1980 నవంబరులో బెల్లంపల్లికి చెందిన యువ నక్సలైటు పెద్ది శంకర్ ప్రాణహిత దాటి వెళ్లి మొయిన్‌బిన్‌పేటలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అక్కడి నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా ఆ జిల్లా నెత్తురు చూస్తూనే ఉంది. 2009 ఒక్క ఏడాదిలోనే మార్కెగావ్‌లో 15 మంది, హట్టిగోటలో 16 మంది, లాహేరిలో 17 మంది పోలీసులు చనిపోయారు. 2019 మే 1న జాంభుల్‌ఖేడా దగ్గర మందుపాతర పేలి మరో 15 మంది, వాళ్ల బండి నడిపిన డ్రైవరు పోయారు. చనిపోయినవాళ్ల పేర్లు స్తూపాల మీద చెక్కారు. అలాంటి వేళల్లో బతికి బయటపడినవాడి పేరు, వెళ్లి తోటివాళ్ల శరీరభాగాలు ఏరి గోనెసంచుల్లో పెట్టినవాడి పేరు ఎక్కడా రాసి ఉండదు.

అలా బతికినవాళ్లే ఇప్పుడు ఇళ్లకు వస్తున్నారు, ఆ అడవిలో పనిచేసిన కేంద్ర బలగాల జవాన్లతో సహా. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కేంద్ర బలగాల్లో చేరేవాళ్లు ఎంతమందో తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఊళ్లో మనందరం చూసే మనుషులే. రాత్రి రెండింటికి లేచి వాకిట్లో పచార్లు చేస్తారు. దీపావళికి తలుపులు బిగించుకుని కూర్చుంటారు. మట్టిరోడ్డు మీద కొత్తగా పూడ్చిన గుంట కనిపిస్తే బండి ఆపి దిగిపోతారు. సాయంత్రమైతే క్వార్టరు సీసా లేనిదే నిద్ర రాదు. ఊరు దాన్ని తాగుడు అంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. పెళ్లాం పిల్లలు మాత్రం ఆయన గొంతు పెరిగే వేళ తెలుసుకుని పక్కింటికి పోతారు.

గడ్చిరోలి పోలీసుల సీ-60 కమాండోల పరిస్థితి ఇంకో రకం. 1990లో అరవై మందితో మొదలైన ఆ దళంలోకి స్థానికులనే తీసుకున్నారు, అడవి తెలుసని, భాష తెలుసని. బయటి నుంచి వచ్చిన జవానుకు రైలెక్కితే యుద్ధం వెనకబడుతుంది. వీళ్లకు ఇల్లూ అక్కడే, యుద్ధమూ అక్కడే. సెలవు మీద ఇంటికొచ్చిన పోలీసును ఊళ్లోనే చంపిన సందర్భాలున్నాయి. అలాంటి చోట పదిహేనేళ్లు వీపు గోడకు ఆనించి పడుకున్నవాడు, ఇక భయం లేదని ప్రభుత్వం ప్రకటించగానే కళ్లు మూసుకుని నిద్రపోతాడా?

నౌకరీలో ఉన్నప్పుడే చెప్పుకోవచ్చు కదా అంటారు. చెప్పుకుంటే ఏమవుతుందో బలగాల్లో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. కేంద్ర బలగాల్లో ప్రమోషన్ కావాలంటే వైద్య పరీక్షలో షేప్-వన్ రావాలి. అందులో మొదటి అక్షరం మానసిక స్థితికే. నిద్ర పట్టడం లేదని డాక్టరు ముందు నోరు విప్పితే లో మెడికల్ కేటగిరీ అని ఫైలులో పడుతుంది, తనకన్నా వెనక వచ్చినవాడు ముందుకు పోతాడు. జబ్బు దాచుకున్నవాడికి ప్రమోషన్ ఇచ్చి, బయటపెట్టినవాడిని ఆపే ఏర్పాటు ఇది. దీని ఫలితం పార్లమెంటులో హోంశాఖే చెప్పింది. 2018 నుంచి 2022 వరకు కేంద్ర బలగాల్లో 654 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో 230 మంది సీఆర్‌పీఎఫ్ వాళ్లు. అదే ఐదేళ్లలో యాభై వేల మందికి పైగా ఉద్యోగం వదిలిపెట్టారు. ఇవి సర్వీసులో ఉన్నవాళ్ల లెక్కలు. రిటైరై ఊరికెళ్లి, చేనులో పురుగుమందు తాగినవాడు ఈ అంకెల్లో లేడు.

సైన్యం నుంచి వచ్చినవాళ్లకు 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ అనే వైద్య పథకం ఉంది, నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్కులు ఉన్నాయి. అవి చాలకపోయినా ఉన్నాయి. వాళ్లకు కూడా మనసు జబ్బు విషయంలో న్యాయం తేలిగ్గా దక్కలేదు. స్కిజోఫ్రీనియా అని 1998లో ఇంటికి పంపేసిన ఒక సైనికుడికి వైకల్య పింఛను ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2025 మే వచ్చింది. సీఆర్‌పీఎఫ్ జవానుకైతే ఆ మాత్రం కూడా లేదు, చట్టం లెక్కలో అతను మాజీ సైనికుడే కాడు. అతని వాటా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్‌ఎస్, దాని కేంద్రాలు నగరాల్లో ఉంటాయి. ఆ కేంద్రాలు లేని చోట ఉండే పింఛనుదారుకు ఓపీ వైద్యం కోసం నెలకు వెయ్యి రూపాయలు ఇస్తారు. మానసిక వైద్యుడి ఫీజు, నెల మందులు, బస్సు చార్జీలు కలిపి చూడండి, ఆ వెయ్యి ఎన్నాళ్లు వస్తుందో.

ఇక సిరొంచ సంగతి. ఒకప్పుడు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైన ఊరు ఈవేళ మహారాష్ట్ర, తెలంగాణ రెండు రాష్ట్రాలకూ అంచున మిగిలింది. అంగట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, అడవి పల్లెల్లో గోండి. జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్ల పైన. ప్రభుత్వ ప్రాంతీయ మానసిక వైద్యశాల నాగపూర్‌లో ఉంది, గడ్చిరోలి దాటి ఇంకా పోవాలి. వంతెన దాటితే కాళేశ్వరం, అక్కడి నుంచి వరంగల్‌కు మూడు గంటల దారి. కానీ అది వేరే రాష్ట్రం, ఇక్కడి ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందన్న భరోసా లేదు. బీపీ చూడటానికి భాష అక్కర్లేదు, విరిగిన ఎముకను ఎక్స్‌రే చూపిస్తుంది. ఈ జబ్బుకు మాటే పరీక్ష, మాటే సగం మందు. తెలుగువాడైన మాజీ కానిస్టేబుల్ తన పీడకలను మరాఠీలోనో హిందీలోనో అప్పజెప్పాలంటే నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటాడు. ఆ నాలుగు ముక్కలకే డాక్టరు నిద్రమాత్రలు రాస్తాడు. మాడియా గోండు యువకుడికైతే అదీ లేదు. మానసిక రోగిని దూరాలు తిప్పకూడదని, వైద్యం అతను ఉండే చోటికి దగ్గరలో అందాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షను చెబుతోంది. ఆ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. సిరొంచకు అది ఇంకా చేరలేదు.

రెండు రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకోవడం అసాధ్యమేమీ కాదు. 2016 ఆగస్టులో ముంబైలో ముఖ్యమంత్రులు ఎదురెదురుగా కూర్చుని గోదావరి మీద మేడిగడ్డ దగ్గర వంద మీటర్ల నీటిమట్టంతో బ్యారేజీకి ఒప్పందం రాసుకున్నారు. 2019లో బ్యారేజీ ప్రారంభమైంది, 2023 అక్టోబరులో స్తంభం కుంగింది. ఒడ్డున పొలాలు మునిగిన సిరొంచ రైతులు పరిహారం కోసం తిరిగి తిరిగి అలసిపోయారు. ఆ రైతుల ఇళ్లల్లోనూ నిద్ర పట్టని మనుషులున్నారు. వాళ్ల గోడు ఏ ప్రభుత్వ పద్దులోకీ ఎక్కలేదు. నీళ్ల కోసం సరిహద్దును పక్కన పెట్టినవాళ్లు ఒక డాక్టరు కోసం ఎందుకు పెట్టలేరు?

అడుగుతున్నది పెద్ద ఖర్చు కాదు. సిరొంచలో ఒకరు, అహేరిలో ఒకరు, మంచిర్యాలలో ఒకరు. వారానికి రెండు రోజులైనా కూర్చునే మానసిక వైద్యుడు, పక్కన తెలుగూ గోండీ వచ్చిన కౌన్సెలర్. ఏ బలగం నుంచి వచ్చాడు, ఏ రాష్ట్రం కార్డు ఉంది అని అడగకుండా చూడాలి. లొంగిపోయి వచ్చినవాళ్లనూ అదే గదిలో చూడాలి, వాళ్ల నిద్రలూ చెదిరే ఉంటాయి. షేప్ పరీక్షలో తనంతట తాను చెప్పుకుని వైద్యం తీసుకున్నవాడికి ప్రమోషన్ ఆగకూడదని హోంశాఖ ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి.

అంతవరకు ఇది చదివేవాళ్లకు నా మనవి. మీ ఇంట్లోనో వాడలోనో అలాంటి మనిషి ఉంటే తాగుబోతని వదిలేయకండి. టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మొదటిసారి మీరే పక్కన కూర్చుని ఫోను కలిపి ఇవ్వండి.