ఒకటో నెంబరు పుస్తకం

పదేళ్ళ కిందట ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద ఓ పాత ఇంగ్లీషు నవల కొని మా పెద్దమ్మాయికి తెచ్చి యిచ్చాను. సి. ఎస్. లూయిస్ రాసిన "సింహం, మంత్రగత్తె, బీరువా". 1950లో వెలువడ్డది. ఆయనా ఆక్స్‌ఫర్డులో పాఠాలు చెప్పుకున్న మా బోటి మేష్టరే.

అందులో లూసీ అనే చిన్న పిల్ల కోట్లు వేలాడే బీరువాలో దూరుతుంది. కోట్లను తప్పించుకుంటూ ముందుకు పోతే కాళ్ళ కింద మంచు! చుట్టూ అడవి. ఆ అడవి నడుమ వీధిదీపం ఒకటి వెలుగుతూ వుంటుంది. మా అమ్మాయి అక్కడ ఆగి, "అడవిలో వీధిదీపం యెవరు పెట్టారు నాన్నా?" అంది. నేను చదివితే గదా! "చదువు, తెలుస్తుంది" అన్నాను.

తెలియడానికి దానికి ఆరో పుస్తకం దాకా పట్టింది. 1955లో వచ్చిన ఆ "మాంత్రికుడి మేనల్లుడు" కథ జరిగిన కాలాన్నిబట్టి అన్నిటికన్నా ముందుది. దీపం యెలా వచ్చిందో మాత్రం ఇక్కడ చెప్పను. మీ యింట్లోనూ పిల్లలుంటారు.

నిరుడు చిన్నదానికి కొత్త సెట్టు కొన్నాను. యేడు పుస్తకాలు, వీపున నెంబర్లు. 1994 నుంచి ప్రచురణకర్తలు కథాకాలం ప్రకారం నెంబర్లు మార్చారు. మేనల్లుడు ఒకటి, సింహం రెండు. "ఒకటి నుంచి మొదలుపెట్టు" అన్నాను. పెద్దది వద్దని మొత్తుకుంది.

నేను భారతం తీశాను. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆపాడు. తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా రాశాడు. మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని ఆ తరువాత ఎఱ్ఱన పూరించాడు. రాసిన వరసలోనే చదవాలంటే పాండవులు స్వర్గానికి వెళ్ళాక మళ్ళీ అడవికి రావాలి గదా!

"భారతం కథ అందరికీ ముందే తెలుసు నాన్నా. దీపం సంగతి దీనికి తెలీదు" అంది.

క్లాసులో అయితే నా వాదం చెల్లేది. లూయిస్‌నే సాక్ష్యానికి పిలిచాను. ఆయన 1957లో ఒక అమెరికా కుర్రవాడికి జాబు రాస్తూ, కథాకాలపు వరసే మేలన్న కుర్రవాడి పక్షాన మొగ్గాడు, అచ్చయిన వరస మేలన్న వాళ్ళమ్మ పక్షాన కాదు. (మొదటి పుస్తకం రాసేటప్పుడు ఇంకోటి రాస్తానని తనకే తెలియదనీ, వరసకు అంత ప్రాధాన్యం లేదేమోననీ కూడా అందులోనే అన్నాడు. అది నేను పైకి చదవలేదు.)

"రాసినాయనకి మొదటిసారి చదవడం యెలా కుదుర్తుంది నాన్నా?" అంది పెద్దది.

నా మాటే నెగ్గింది. చిన్నది ఒకటి ముగించి రెండోది పట్టింది. పేపరు చాటు నుంచి చూస్తున్నాను. బీరువా వచ్చింది, మంచు వచ్చింది, దీపం దగ్గరికి వచ్చింది. "ఓహో, ఇదా" అని పేజీ తిప్పేసింది. పెద్దది నా వంక చూసింది. యేమీ అనలేదు.

ఈ వేసవికి మా చెల్లెలి కొడుకు వస్తున్నాడు. నిన్న చూద్దును గదా, యేడు పుస్తకాలకూ గోధుమరంగు కాగితంతో అట్టలు వేసి వున్నాయి, వీపుల మీద నెంబర్లు కనబడకుండా.