జెకర్యా అడిగిన పలక

లూకా సువార్త మొదటి అధ్యాయంలో బిడ్డకు పేరు పెట్టే వేడుక ఒకటి కనిపిస్తుంది. ఎనిమిదో దినాన చేరిన ఇరుగుపొరుగువారు, బంధువులు బిడ్డకు తండ్రి పేరే పెట్టాలని తమలో తామే నిర్ణయించేశారు. తల్లి ఎలీసబెతు కాదన్నా ఒప్పుకోలేదు. చివరికి మాట పడిపోయిన జెకర్యాను సైగలతో అడిగారు. ఆయన వ్రాతపలక తెప్పించుకొని, బిడ్డ పేరు యోహాను అని రాశాడు. వాదన ముగిసింది. ఇక్కడ మనం తరచూ దాటిపోయే సంగతి ఒకటుంది. జెకర్యా నాలుక సడలింది పలక మీద రాసిన తర్వాతే. బంధువుల వాదనను ముగించింది నోటి మాట కాదు, పలక మీది మాట. అది మాట కాదని అక్కడ ఎవరూ అనలేదు.

ఈ పాఠాన్ని మేము వేదాంత కళాశాలలో నేర్చుకోలేదు. పాతబస్తీలోని మా సంఘంలో ఒక యువకుడు మాకు నేర్పాడు. అతనికి పందొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది, మాట్లాడడు. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే తల్లి అతన్ని ముందుకు తీసుకొచ్చేది. మేము తలమీద చేతులుంచి, మాట రావాలని ప్రార్థించేవాళ్లం. అతడు చెవులు మూసుకొని మా చేతిని తోసేసేవాడు. మొండితనమని కొందరు, దురాత్మ అని మరికొందరు అన్నారు. ఆ మాటను మేము ఖండించలేదు సరికదా, మరింత గట్టిగా ప్రార్థించాం. ఒక ఆదివారం అతడు మెడలో బొమ్మల కార్డులు వేలాడదీసుకొని వచ్చాడు. ప్రత్యేక ఉపాధ్యాయురాలు నేర్పించిందని తల్లి చెప్పింది. మేము చెయ్యి ఎత్తగానే అతడు ఒక కార్డు తీసి మా ముందు పెట్టాడు. దానిమీద 'వద్దు' అని ఉంది. ఇన్నేళ్లూ అతడు చేతితో చెబుతున్నదీ అదే. మేమే వినలేదు.

ప్రార్థన చేయడం తప్పు కాదు. అడగకుండా చేయడమే తప్పు. బర్తిమయి గుడ్డివాడని కంటికి కనిపిస్తున్నా, తన వలన ఏమి కోరుతున్నావని ప్రభువు అతన్నే అడిగాడు. ఆ గౌరవం మేము ఈ బిడ్డకు ఇవ్వలేదు.

అతనికి మొదట నేర్పిన కార్డు ఉస్మానియా బిస్కెట్ ఫొటో. బిడ్డకు ఇష్టమైనదానితోనే మొదలుపెట్టాలట. వీధి చివర ఇరానీ హోటల్ నడిపే ముస్లిం సోదరుడు ఇదివరకు 'ఏం కావాలట?' అని తల్లిని అడిగేవాడు. ఇప్పుడు ఆ యువకుడి ముఖంలోకే చూస్తున్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ వినిపించే పాతబస్తీలో బొమ్మకు అనువాదం అక్కరలేదు కదా!

"కార్డులు అలవాటైతే ఇక నోటితో మాట్లాడడేమో అయ్యగారూ" అని ఆ తల్లి భయపడింది. పరిశోధనలు అలా చెప్పడం లేదు. బొమ్మలు మాటకు అడ్డురావు, కొందరిలో మాట పెరగడానికి తోడ్పడతాయి కూడా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సైతం కమ్యూనికేషన్ అంటే నోటి మాట ఒక్కటే కాదంది. సైగలు, దృశ్య రూపాలు, మాటకు తోడుగానో బదులుగానో వాడే పద్ధతులు అన్నీ అందులో భాగమేనని నిర్వచించింది. చెన్నైలో రూపొందిన 'ఆవాజ్' వంటి యాప్‌లో బొమ్మను తాకితే ట్యాబే మాట పలుకుతుంది. జెకర్యా పలక నేడు ఈ రూపంలో వచ్చిందనుకోవచ్చు.

అయితే ఒక హెచ్చరిక. మాట్లాడలేనివారి చెయ్యి పట్టుకొని అక్షరాల మీద నడిపించే పద్ధతి ఒకటుంది. ఆ మాటలు పట్టుకున్నవారివేగాని వారివి కావని పరీక్షల్లో తేలింది. అందుకే దాన్ని వాడవద్దని అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో స్పష్టం చేసింది. ఇతరుల నోట మన మాట పెట్టే అలవాటు కాపరులమైన మాకూ లేకపోలేదు.

సంఘం చేయగలిగింది చాలా ఉంది. బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో 1984లో ప్రారంభమైన జాతీయ సంస్థ నేడు ఎన్‌ఐఈపీఐడీ పేరుతో మేధో వైకల్యం ఉన్నవారికి సేవలందిస్తోంది. పాతబస్తీ నుంచి మూసీ దాటి, నగరమంతా దాటి అక్కడికి వెళ్లాలంటే కూలి చేసుకునే తల్లికి ఒకరోజు సంపాదన పోతుంది. ఆ రోజు ఆటో ఖర్చు సంఘం భరించలేదా? యవ్వనస్థులు ఒకరు తోడు వెళ్లలేరా? ఆరాధనలో 'నీళ్లు', 'నొప్పి', 'శబ్దం ఎక్కువైంది', 'బయటకు వెళ్తా' అనే బొమ్మలున్న అట్ట ఒకటి ఉంచలేమా? మాట్లాడుతూ మనమూ ఆ బొమ్మలను వేలితో చూపిద్దాం. అడిగాక తొందరపడక జవాబు కోసం ఆగుదాం. అల్లరి చేశాడని ఆ అట్టను లాక్కోవద్దు, అది నోరు నొక్కడంతో సమానం.

ఆ యువకుడికి బాప్తిస్మం ఇవ్వాలా అన్న ప్రశ్న మా పెద్దల ముందు చాలాకాలంగా ఉంది. నోటితో ఒప్పుకోవాలని పౌలు రోమీయులకు రాశాడు కదా, ఇతడెలా ఒప్పుకుంటాడని వాయిదా వేస్తూ వచ్చాం. జెకర్యా పలకను చూశాక ఆ అభ్యంతరం నిలవదని మేము నమ్ముతున్నాం. అతని కార్డులలో ఇప్పుడు సిలువ బొమ్మ, నీటిలోకి దిగుతున్న మనిషి బొమ్మ చేర్చాం. పక్కనే 'వద్దు' కార్డునూ ఉంచాం. కాదనే వీలు లేనివాని అవునుకు విలువేముంది? అతన్ని తొందరపెట్టడం లేదు. ఏ కార్డు తీస్తాడో ఆ మాటను సంఘం అంగీకరిస్తుంది.

మూగవారికి మాటలిమ్మని ఎన్నో ఏళ్లు ప్రార్థించాం. వారు ఇప్పటికే చెబుతున్నది వినగలిగే మనసును ప్రభువు ముందుగా మనకు దయచేయును గాక.