ఇంట్లో చదువు సరే.. సర్టిఫికెట్ సంగతేంటి? హోమ్ స్కూలింగ్ పిల్లలకు అసలు చిక్కు అక్కడే!

2016లో ముంబై అమ్మాయి మాళవిక రాజ్ జోషికి అమెరికాలోని ఎంఐటీలో సీటొచ్చింది. అప్పటికి ఆమె వయసు 17. చేతిలో టెన్త్ మెమో లేదు, ఇంటర్ సర్టిఫికెట్ అసలే లేదు. ఏడో తరగతి దశలో స్కూల్ మానేసి ఇంట్లోనే చదువుకుంది. అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు తెచ్చుకుంది. ఎంఐటీ ఆ పతకాలు చూసింది. మన ఐఐటీలు మాత్రం పన్నెండో తరగతి పాస్ సర్టిఫికెట్ అడిగాయి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆమె స్థాయి చూసి ఎంఎస్సీ క్లాసుల్లో కూర్చోనిచ్చింది.

హోమ్ స్కూలింగ్ మాట వస్తే చాలు, ఈ కథ వినిపిస్తుంది. కాకపోతే చెప్పేవాళ్లు ఎంఐటీ దగ్గర ఆగిపోతారు. ఇక్కడ తలుపు తెరుచుకోలేదన్న సంగతి పెద్దగా ఎత్తరు.

హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్‌ది ఇంకో దారి. ఆమెదీ ఇంటి చదువే. కానీ ఎనిమిదేళ్లకే కేంబ్రిడ్జ్ బోర్డులో టెన్త్ స్థాయి పరీక్ష పాసైంది. 13 ఏళ్లకు మాస్ కమ్యూనికేషన్‌లో డిగ్రీ పూర్తి చేసింది. చదువు ఇంట్లో సాగినా, ప్రతి మెట్టు దగ్గరా బయటి పరీక్ష రాసి సర్టిఫికెట్ చేతబట్టుకుంది. తర్వాత కాలేజీ మెట్లెక్కడానికి అడ్డు రాకపోవడానికి కారణం అదే.

మరి మామూలు పిల్లల మాటేంటి?

వీళ్లిద్దరూ అరుదైన పిల్లలు. సగటు పిల్లల గురించి లెక్కలు కావాలంటే అమెరికా వైపు చూడాల్సిందే. అక్కడ 50 రాష్ట్రాల్లోనూ ఇది చట్టబద్ధం. కోవిడ్ తొలి నెలల్లో 5.4 శాతం కుటుంబాలు హోమ్ స్కూలింగ్ చేస్తుంటే, 2020 చివరికి అది 11.1 శాతానికి చేరిందని అక్కడి సెన్సస్ బ్యూరో సర్వే తేల్చింది.

2010లో మైకేల్ కోగన్ అనే పరిశోధకుడు ఒక యూనివర్సిటీ విద్యార్థుల రికార్డులు పరిశీలించారు. ఇంట్లో చదివొచ్చిన వాళ్లలో 66.7 శాతం మంది నాలుగేళ్లలో డిగ్రీ పూర్తి చేశారు. మిగతావాళ్లలో అది 57.5 శాతమే. వినడానికి బాగుంది కదా? అయితే అందులో ఇంట్లో చదివినవాళ్లు 76 మందే. పైగా వాళ్లంతా అప్పటికే సీటు తెచ్చుకున్నవాళ్లు. కాలేజీ గడప దాకా రాలేకపోయిన పిల్లలు ఆ లెక్కలో లేరు. ఇంటి చదువును మెచ్చుకునే సర్వేల్లో చాలా వాటికి ఇదే లోపం. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన కుటుంబాల మార్కులే వాటిలో కనిపిస్తాయి. పిల్లాడు వెనకబడిన ఇల్లు సర్వేకి ఎందుకు ముందుకొస్తుంది?

పరిశోధనలన్నీ కలిపి చూసిన రాబర్ట్ కుంజ్‌మన్, మిల్టన్ గైథర్ ఒక విషయం గమనించారు. ఈ పిల్లలు భాషలో, చదవడంలో ముందుంటారు, లెక్కల్లో కాస్త వెనకబడతారు. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. ఇంజినీరింగ్ కలలన్నీ లెక్కల మీదే నిలబడి ఉన్నాయి మరి.

తారా వెస్టోవర్ కథ కూడా గుర్తుచేసుకోవాలి. ఇడాహో కొండల్లో పెరిగిన ఆమె తొలిసారి క్లాస్‌రూమ్‌లో కూర్చున్నది 17 ఏళ్లకు. హోలోకాస్ట్ అనే మాట కాలేజీకొచ్చాకే విన్నది. తర్వాత కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసింది. ఆమె గెలిచింది నిజమే. ఇంట్లో ఎవరూ చెప్పని చదువును ఒంటరిగా పోగేసుకోవాల్సి వచ్చిందన్నదీ అంతే నిజం.

మన దగ్గర రూల్స్ ఇవీ..

విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత. చేర్పించకపోతే శిక్ష ఏంటన్నది మాత్రం చట్టంలో లేదు. ఆ సందులోనే ఇంటి చదువు నడుస్తోంది.

టెన్త్‌కి దారి ఓపెన్ స్కూల్. ఎన్‌ఐఓఎస్‌లో టెన్త్‌కి కనీసం 14 ఏళ్లు, ఇంటర్‌కి 15 ఏళ్లు నిండాలి. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేకున్నా, చదవగలనని సొంతంగా రాసిస్తే టెన్త్‌లో చేర్చుకుంటారు. తెలంగాణ, ఏపీలకు సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలూ ఉన్నాయి. ఐదు సబ్జెక్టులతో ఎన్‌ఐఓఎస్ ఇంటర్ పాసైతే జేఈఈకి ఇబ్బంది లేదు. నీట్ దగ్గరే రగడ జరిగింది. 2018లో ఓపెన్ స్కూల్ పిల్లలకు అర్హత లేదన్నారు. ఆ నిబంధనను ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. వివాదం సుప్రీంకోర్టులో తేలేసరికి 2024 వచ్చింది. అప్పుడు 14 ఏళ్లున్న పిల్లలకు ఆరేళ్లంటే ఎంతో ఆలోచించండి.

ఉద్యోగాల్లోనూ ఇదే తంతు. క్యాంపస్ సెలక్షన్లకు వచ్చే కంపెనీల్లో చాలావరకు టెన్త్, ఇంటర్, డిగ్రీ మూడింట్లో 60 శాతం అడుగుతాయి. ప్రభుత్వ కొలువులకైతే పుట్టిన తేదీకి టెన్త్ మెమోనే ఆధారం. తెలంగాణలో స్థానికత కోసం ఒకటి నుంచి ఏడో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. బడికి పోని వాళ్లు ఆ ఏళ్లకు తహశీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం పెట్టాలి. నోటిఫికేషన్ పడ్డాక, పదిహేనేళ్ల కిందట ఏ ఊళ్లో ఉన్నామో చూపించే కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చేది అప్పుడే.